చెత్త కంపెనీల్లో వెట్టిచాకిరి: తరచుగా అడిగే ప్రశ్నలు

చెత్త సేకరణ, సార్టింగ్, రీసైక్లింగ్ కంపెనీల్లో లేబర్ వ్యవహారాలు చూసే పనిలో నాకు పదే పదే ఎదురైన ప్రశ్నలివి. కొన్ని ట్రైనింగ్‌లో చెయ్యెత్తి అడిగినవి. కొన్ని టీ బ్రేక్‌లో పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అడిగినవి. జవాబు వెంటనే కావాల్సినవి ఎక్కువగా ఆ రెండో రకంలోనే ఉంటాయి. జోనల్ ఇన్‌ఛార్జులు, సూపర్‌వైజర్లు, పర్చేజ్, హెచ్ఆర్ వాళ్లు, లేబర్ కాంట్రాక్టర్లు చదువుతారని రాశాను. చివరి ప్రశ్న మాత్రం కార్మికులది.

ఈ రోజుల్లో బానిసలు ఎక్కడున్నారండీ?

‘మోడర్న్ స్లేవరీ’ అన్న మాట బ్రిటన్, ఆస్ట్రేలియా చట్టాల్లోంచి మన కంపెనీల ఫైళ్లలోకి వచ్చింది. ఆ మాట వినగానే సంకెళ్లు, కొరడాలు గుర్తొచ్చి ఇది మన సంగతి కాదనిపిస్తుంది. దాని సంగతి మనకు బాగా తెలుసు, మన పేరు వేరు, అంతే. వెట్టి. దొర గడీలో కూలి లేకుండా చేసిన చాకిరి వెట్టి. తాత తీసుకున్న అప్పుకు మనవడు జీతం ఉండటం కూడా అదే కోవలోది. ఊరు మారింది, గడీ బదులు గోదాం వచ్చింది.

రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దాని ప్రకారం వెట్టిని గుర్తుపట్టడం చాలామంది అనుకునేంత కష్టం కాదు. ముందుగా అప్పో అడ్వాన్సో ఉండాలి. దానికి బదులుగా ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పోయినా చాలు: సరైన కూలి, వేరే చోట పనికి వెళ్లే స్వేచ్ఛ, ఇష్టమొచ్చిన చోటికి తిరిగే స్వేచ్ఛ, తన కష్టాన్ని గానీ సరుకును గానీ మార్కెట్ రేటుకు అమ్ముకునే హక్కు. నాలుగూ పోనక్కర్లేదు. ఒక్కటి చాలన్నది మా వాళ్లు మొదటిసారి విన్నప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. చాలామంది మనసులో ఏదో ఒక సైట్ మెదులుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మరో రెండు సంస్థలు కలిసి 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం, 2021లో ప్రపంచంలో 2.76 కోట్ల మంది బలవంతపు చాకిరిలో ఉన్నారు.

చెత్త పనిలోనే ఎందుకంత అనుమానం?

ఎవరూ చూడరు కాబట్టి. చెత్త బండి వీధిలోకి వస్తే జనం ముక్కు మూసుకుని బుట్ట ఇచ్చి లోపలికి వెళ్లిపోతారు. డంప్ యార్డ్ ఊరి బయట ఉంటుంది. సార్టింగ్ షెడ్డు దాని పక్కనో, రేకులు కట్టిన ఖాళీ ప్లాటులోనో ఉంటుంది. పనికి చదువు అక్కర్లేదు, భాష అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు. అలాంటి పనికి ఎవరు వస్తారు? ఇంకెక్కడా దారి లేనివాళ్లు. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి మేస్త్రీ వెంట వచ్చినవాళ్లు, మన జిల్లాల నుంచే కరువుకు కదిలినవాళ్లు. వీళ్లలో దళితులే ఎక్కువ. అందుకే ఇంకో మాట గుర్తుంచుకోవాలి: ఎస్సీ, ఎస్టీలతో వెట్టి చేయించడం అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా నేరం. వెట్టి చట్టంలో పడే శిక్ష మూడేళ్ల దాకా జైలు, 2,000 దాకా జరిమానా. ఆ 2,000 ఇప్పటిదాకా మారలేదు, చూసి నవ్వుకునే కాంట్రాక్టర్లున్నారు. అట్రాసిటీ కేసు అనగానే ఆ నవ్వు పోతుంది.

అడ్వాన్స్ ఇచ్చి పనికి తెచ్చుకోవడం తప్పా? అందరూ ఇచ్చేదేగా!

అడ్వాన్స్ ఇవ్వడం తప్పు కాదు. ఇల్లు కదలడానికి మనిషికి డబ్బు కావాలి. పాలమూరు లేబర్ దేశమంతా తిరిగి డ్యాములు కట్టింది అడ్వాన్సుల మీదే. ఇప్పుడు పడమటి ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాలు కదిలేదీ సర్దార్, అంటే మనుషులను కుదిర్చి తెచ్చే దళారి, చేతిలో పెట్టిన అడ్వాన్సుతోనే. ఇచ్చాక లెక్క ఎవరు రాస్తారు, ఆ లెక్క ఎప్పటికైనా తీరుతుందా అన్న దగ్గర అసలు సంగతి తేలుతుంది.

నగరం శివార్లలో ఒక ప్లాస్టిక్ గోదాంలో చూసిన లాంగ్ నోట్‌బుక్ నాకు బాగా గుర్తు. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ. ఒక పేజీ పైన అడ్వాన్స్ 30,000 అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. రోజుకు 300 చొప్పున 26 రోజులకు 7,800 కూలి. దాంట్లోంచి వారం ఖర్చీ నెలకు 4,000, రూము 1,500, బియ్యం సరుకులు 2,000, కరెంటు 300, గ్లవ్స్ 200, ‘నాగా’ అని 300. మొత్తం 8,300. అంటే ఆ మనిషి నెలంతా పెట్ బాటిళ్ల మూతలు తీసి, లేబుళ్లు చింపి, సార్టింగ్ చేస్తే బాకీ 500 పెరిగింది. ఎనిమిది నెలలకు 30,000 కాస్తా 34,000 అయింది. ప్రతి పేజీ కింద అతని వేలిముద్ర ఉంది. గోదాం యజమాని ఆ పుస్తకాన్ని నాకు దాచకుండా చూపించాడు. లెక్క శుభ్రంగా ఉందని చూపించాడు, తప్పు చేస్తున్నానన్న ఆలోచనే అతనికి లేదు.

అడ్వాన్సు విషయంలో మేం పెట్టుకున్న పద్ధతి చెబుతాను. నెల జీతానికి మించి ఇవ్వం. వడ్డీ లేదు. ఎంత ఇచ్చామో, నెలకు ఎంత పట్టుకుంటామో కార్మికుడి భాషలో రాసి ఒక కాపీ అతనికిస్తాం. వేతన కోడ్ (జీతాల మీద వచ్చిన కొత్త చట్టం) ప్రకారం అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు, జరిమానాలైతే ఆ నెల జీతంలో 3 శాతం దాటకూడదు. గ్లవ్స్, బూట్లు, మాస్కులకు పైసా పట్టుకోం. అన్నిటికంటే ముఖ్యం, బాకీ ఉన్నా మనిషి వెళ్లిపోవచ్చు. బాకీ పేరు చెప్పి ఆపడం, ఆధార్ పట్టుకోవడం, ఊళ్లో వాళ్లమ్మకు ఫోన్ చేసి బెదిరించడం చేసిన మరుక్షణం ఆ అడ్వాన్సు చట్టం దృష్టిలో వెట్టి అప్పు. వెట్టి అప్పును తీర్చే బాధ్యతే ఉండదు, చట్టం దాన్ని రద్దు చేసింది. దాన్ని వసూలు చేస్తే మళ్లీ అదో నేరం.

మా దగ్గర జీతాలన్నీ బ్యాంకులోనే పడతాయి. ఇంకేం భయం?

ఈ మాట ప్రతి ట్రైనింగ్‌లోనూ వింటాను. బ్యాంకులో పడిన డబ్బు ఎవరు తీస్తున్నారు?

ఒకసారి లేబర్ రూముల దగ్గర మేస్త్రీ టీకి వెళ్లినప్పుడు అతని బ్యాగు బల్ల మీదే ఉంది. జిప్పు తెరిచే ఉంది. లోపల రబ్బర్ బ్యాండ్ వేసిన ఏటీఎం కార్డుల కట్ట. ఒక్కో కార్డు మీద తెల్ల స్టిక్కర్, స్టిక్కర్ మీద పేరు, పేరు కింద నాలుగంకెలు. పిన్. కార్మికుల్లో ఒకతన్ని అడిగితే చాలా మామూలుగా చెప్పాడు: ‘మాకు మిషన్ తెలీదు సార్, మేస్త్రీయే తీసిస్తడు.’ ఎంత తీసిస్తాడని అడిగితే తల వంచుకున్నాడు. మా రికార్డుల్లో ఆ సైట్ అప్పటిదాకా నూటికి నూరు శాతం క్లీన్. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ ప్రూఫులు, పీఎఫ్ చలాన్లు, అన్నీ ఉన్నాయి.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. ఇంగ్లండ్‌లోని వెస్ట్ మిడ్‌ల్యాండ్స్‌లో పోలీసులు ‘ఆపరేషన్ ఫోర్ట్’ పేరుతో ఛేదించిన ముఠా పోలండ్ నుంచి పేదలను, ఇల్లు లేనివాళ్లను పని ఆశ చూపి తెచ్చింది. రీసైక్లింగ్ సెంటర్లు, పొలాలు, కోళ్ల ఫ్యాక్టరీల్లో ఏజెన్సీల ద్వారా పెట్టింది. వాళ్ల పేరుతో బ్యాంకు ఖాతాలు తెరిచి, కార్డులు తన దగ్గర ఉంచుకుంది. కంపెనీలు చట్టప్రకారమే జీతం వేశాయి, అది మనుషులకు చేరలేదు. బాధితులు 400కు పైనే ఉంటారని పోలీసుల అంచనా. ఎనిమిది మందికి శిక్ష పడిన సంగతి 2019లో బయటికొచ్చింది.

అందుకే చిన్న పని ఒకటి చేయండి. పేరోల్ షీటు ఎక్సెల్‌లో తెరిచి, బ్యాంకుకు, పీఎఫ్‌కు ఇచ్చిన ఫోన్ నంబర్ల కాలమ్‌ను సార్ట్ చేయండి. ఒకే నంబరు పదిమందికి కనబడితే ఆ నంబరు ఎవరిదో కనుక్కోండి. తర్వాత అడ్రస్ కాలమ్, నామినీ కాలమ్. పది నిమిషాల పని. నేను చూసిన ఖరీదైన ఆడిట్లు ఇది చేయలేదు.

వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు. మాకేం సంబంధం?

సంబంధం ఉంది. 2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత కాంట్రాక్టు లేబర్ చట్టం వాటిలో కలిసిపోయింది గానీ మూల సూత్రం మారలేదు: కాంట్రాక్టర్ జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమాని, అంటే కాంట్రాక్టు ఇచ్చిన కంపెనీ, ఇవ్వాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా పడాలి. ప్రతి ఒక్కరికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి.

ఇంకొకటి చాలామంది గమనించలేదు. కొత్త కోడ్‌లో, ‘కోర్’ పనికి, అంటే సంస్థ అసలు పనికి, కాంట్రాక్టు లేబర్‌ను పెట్టకూడదు. శుభ్రం చేయడం, చెత్త సేకరణ, పారవేయడం కోర్ పనుల్లోకి రావని కోడే చెబుతుంది. అయితే ఆ సంస్థ పుట్టిందే ఆ పని కోసమైతే ఈ మినహాయింపు వర్తించదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి, ఆస్పత్రికి చెత్త ఎత్తడం పక్క పని. చెత్త కంపెనీకి అదే అసలు పని. మామూలుగా కాంట్రాక్టర్ ద్వారానే జరిగే పని లాంటి సడలింపులు ఉన్నాయి కాబట్టి మీ వకీలుతో మాట్లాడుకోండి. ‘మేం అవుట్‌సోర్స్ చేశాం’ అన్న ఒక్క మాట చెప్పి చేతులు దులుపుకోవడం మాత్రం చెత్త కంపెనీకి ముందంత తేలిక కాదు.

నా అభిప్రాయం ఇంకా సూటిగా చెప్పాలంటే: కాంట్రాక్టర్ కింద సబ్ కాంట్రాక్టర్, అతని కింద మేస్త్రీ, అతని కింద జత మేస్త్రీ ఉంటే, నాలుగో మెట్టు కింద ఉన్న మనిషికి ఏం జరుగుతుందో పై మెట్టు వాళ్లకు నిజంగానే తెలీదు. తెలీకుండా ఉండటం కోసమే ఆ మెట్లు కట్టుకున్నారేమో అనిపిస్తుంది ఒక్కోసారి. సబ్ కాంట్రాక్టు వద్దని అగ్రిమెంటులో రాయండి.

కనీస వేతనం కంటే తక్కువిస్తే అది లేబర్ కోర్టు సంగతి. వెట్టి ఎలా అవుతుంది?

1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకే జవాబిచ్చింది. ఆకలి వల్ల, వేరే దారి లేక కనీస వేతనం కంటే తక్కువకు పని చేస్తే, అది 23వ అధికరణం చెప్పే బలవంతపు చాకిరే అంది. కర్ర పట్టుకుని నిలబడే మనిషి అక్కర్లేదు, ఆకలే ఆ కర్ర. తర్వాత బంధువా ముక్తి మోర్చా కేసులో ఇంకో అడుగు ముందుకేసింది: బలవంతంగా పని చేయిస్తున్నట్టు తేలితే, అడ్వాన్స్ వల్లే చేస్తున్నాడని కోర్టు అనుకుంటుంది, కాదని యజమాని నిరూపించుకోవాలి.

స్క్రాప్ షాపులు, చెత్త ఏరుకునేవాళ్లు మా సప్లై చెయిన్‌లోకి వస్తారా?

వస్తారు. మీ బేలింగ్ మెషిన్‌లోంచి నొక్కి కట్టగా వచ్చే అట్టల బేలుకు, పెట్ బేలుకు మొదలు ఎక్కడో ఒకసారి వెనక్కి నడిచి చూడండి. రీసైక్లర్‌కు పెద్ద గోదాం అమ్ముతుంది. పెద్ద గోదాంకు నాలుగైదు చిన్న స్క్రాప్ షాపులు వేస్తాయి. స్క్రాప్ షాపుకు తోపుడుబండి వాళ్లు, భుజాన గోనెసంచి వేసుకుని తెల్లారగట్ల నాలుగింటికి బయల్దేరే ఆడవాళ్లు వేస్తారు. కొత్త ప్లాస్టిక్ నియమాల వల్ల బ్రాండ్లకు రీసైక్లింగ్ సర్టిఫికెట్లు కావాలి, అందుకు సరుకు కావాలి. ఆ ఒత్తిడంతా కిందికి దిగుతూ దిగుతూ గోనెసంచి దాకా చేరుతుంది.

ఇక్కడ వెట్టి వేరే రూపంలో ఉంటుంది. జీతమే లేదు కాబట్టి జీతం ఎగ్గొట్టడం ఉండదు. సేఠ్ పిల్ల పెళ్లికో, ఆస్పత్రికో ఐదు వేలో పది వేలో ఇస్తాడు. షరతు ఒక్కటే, సరుకు తన షాపులోనే వేయాలి. పక్క షాపులో పెట్ బాటిల్ కిలోకు ఎక్కువ ఇస్తున్నా అక్కడ అమ్మకూడదు. కిలోకు రెండు మూడు రూపాయలు తక్కువ, తూకంలో ఇంకొంచెం, తడిసిందని ఇంకొంచెం. అసలు మాత్రం కదలదు. నాలుగింటిలో ఆఖరిది ఏమిటో పైన ఒకసారి చూడండి: తన సరుకును మార్కెట్ రేటుకు అమ్ముకునే హక్కు. 1976 చట్టం రాసినవాళ్లు స్క్రాప్ షాపును ఊహించి ఉండరు, కానీ చెత్త ఏరే మనిషి సరిగ్గా ఆ వాక్యంలో ఇరుక్కుని ఉంది.

అలాగని రాత్రికి రాత్రి స్క్రాప్ షాపుల నుంచి కొనడం మానేయమని నేను చెప్పను. మానేస్తే ముందు పస్తులుండేది గోనెసంచి మనిషే. పెద్ద గోదాం దగ్గర రేట్ల బోర్డు తెలుగులో, హిందీలో పెట్టించండి. డిజిటల్ కాటా, చీటీ ఇప్పించండి. ఏరుకునేవాళ్ల సంఘాలు, మహిళా సంఘాలు ఉన్న చోట నేరుగా వాళ్ల దగ్గర కొనండి, డబ్బు అదే రోజు ఇవ్వండి. అదే రోజు ఇవ్వడం ముఖ్యం. 45 రోజుల క్రెడిట్ మన అకౌంట్స్ డిపార్ట్‌మెంట్‌కు మామూలు, ఆమెకు మాత్రం మళ్లీ సేఠ్ దగ్గర చేబదులు తప్పదు.

మిగతా సప్లయర్ల సంగతి, అంటే యూనిఫాంలు, గ్లవ్స్, చీపుర్లు, బండ్ల రిపేర్లు, సెక్యూరిటీ ఏజెన్సీ, వీటికీ అడగాల్సిన ప్రశ్నలు అవే. ముందు మీ షెడ్డు, మీ గోదాం చూసుకోండి.

పిల్లలు తల్లిదండ్రుల వెంట వస్తే?

14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టడం నేరం. 18 లోపు వాళ్లను ప్రమాదకరమైన పనుల్లో పెట్టడమూ నేరమే. సూదులు, గాజు పెంకులు, ఆస్పత్రి చెత్త కలిసొచ్చే సార్టింగ్ టేబుల్ ప్రమాదకరమా కాదా అని వాదించుకోవడం దండగ, 18 లోపు ఎవరూ వద్దు. ఆధార్ కాపీలో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటే, అది చాలాసార్లు అంచనాగా రాసిన తేదీ. మనిషి మొహం చూసి అనుమానం వస్తే స్కూలు కాగితం అడగండి. పిల్లలను తరిమేయడం మాత్రం పరిష్కారం కాదు, వాళ్లు పక్క గోదాంకు వెళ్తారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, బడిలో చేరేదాకా వెంటబడండి, తల్లికి పని పోకుండా చూడండి. తెలంగాణలో పనిలో ఉన్న పిల్లలను విడిపించడానికి ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ జరుగుతాయి. ఆ నెలల్లో మాత్రమే పిల్లలు మాయమయ్యే గోదాం ఉంటే, మిగతా పది నెలలు అక్కడ ఏం జరుగుతోందో వేరే చెప్పక్కర్లేదు.

మా వాళ్లు అప్పుడప్పుడు మ్యాన్‌హోల్‌లోకి, సెప్టిక్ ట్యాంకులోకి దిగాల్సి వస్తుంది. అది ఇందులోకి వస్తుందా?

దిగకూడదు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 చట్టం కింద నేరం. ‘తనే దిగాడు, మేం దిగమనలేదు’ అన్న మాట పోలీస్ స్టేషన్లో చాలాసార్లు విన్నారు. రోజు కూలి ఆగిపోతుందని దిగినవాడు తనంతట తాను దిగినట్టు కాదు. చనిపోతే పరిహారం 2014లో 10 లక్షలు, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు దాన్ని 30 లక్షలు చేసింది. 2014 తీర్పు వచ్చిన కేసును కోర్టు దాకా తెచ్చిన సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నడిపే బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల కాలనీలో పుట్టిన తెలుగు కుటుంబపు మనిషి.

సైట్ విజిట్‌కు వెళ్తే ఏం చూడాలి, ఏం అడగాలి?

చెప్పి వెళ్లకండి. ఉదయం పదికి ఏసీ కారులో వెళ్తే గ్లవ్స్ వేసుకున్న మనుషులు కనబడతారు. జీతం పడిన రోజు సాయంత్రం ఏటీఎం దగ్గరికి వెళ్లండి, ఎవరు ఎన్ని కార్డులతో నిలబడ్డారో చూడండి. రాత్రి రూముల దగ్గరికి వెళ్లండి. గేటుకు తాళం లోపలి నుంచి వేస్తారా, బయటి నుంచా? తాళం చెవి ఎవరి మొలతాడుకు ఉంది?

మాట్లాడించేటప్పుడు మేస్త్రీని దుబాసీగా పెట్టుకోకండి. ఇది ఎన్నిసార్లు చెప్పినా జరుగుతూనే ఉంటుంది, ఒడియా వచ్చిన మనిషి అతనొక్కడే కదా అంటారు. వేరే సైట్ నుంచి ఒడియా వచ్చిన కార్మికుణ్ని ఒక రోజు కూలి ఇచ్చి తెచ్చుకోండి. ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి, మగ సూపర్‌వైజర్ కనుచూపు మేరలో ఉండకూడదు.

‘మిమ్మల్ని ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా?’ అని అడిగితే లేదంటారు, అందరూ లేదంటారు. చిన్న చిన్న మాటలతో మొదలుపెట్టండి. కిందటి ఆదివారం ఏం చేశారు? ఊరికి ఆఖరిసారి ఎప్పుడెళ్లారు, టికెట్ ఎవరు తీశారు? దసరాకు వెళ్తారా? రేపు పొద్దున పనికి రానంటే ఏమవుతుంది? ఫోన్ మీ దగ్గరే ఉంటుందా? పోయిన నెల చేతికి ఎంతొచ్చింది? ఒకామె ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పకుండా పక్కనున్న వదినవైపు చూసింది. వదిన కూడా చెప్పలేదు. ఆ చూపే నా రిపోర్టులో మొదటి వాక్యం.

అనుమానం వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

ముందు ఏం చేయకూడదో చెబుతాను. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేసి ‘ఏంటయ్యా ఇది?’ అని అరవకండి. తెల్లారేసరికి ఆ మనుషులు వేరే ఊరిలో ఉంటారు. మీరే మినీ బస్ మాట్లాడి వాళ్లను ఊరికి పంపేయకండి. మంచి మనసుతో చేసినా, విడుదల సర్టిఫికెట్ (వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులిచ్చే కాగితం) లేకుండా ఊరు చేరిన మనిషికి పరిహారం రాదు, పాత అప్పు అలాగే మెడ మీద ఉంటుంది, వచ్చే సీజన్‌కు మళ్లీ అదే సర్దార్ వస్తాడు.

చేయాల్సింది: కనబడ్డవి తేదీలతో రాసి పెట్టుకోండి, నోట్‌బుక్, కార్డులు, రూముల ఫొటోలు తీసుకోండి, మనుషుల మొహాలు బయటికి పంపకండి. దెబ్బలు, నిర్బంధం ఉంటే వెంటనే 112. లేకపోతే జిల్లా కలెక్టర్‌కు గానీ ఆర్డీవోకు గానీ రాతపూర్వకంగా ఇవ్వండి. వెట్టి చట్టం కింద విచారణ, విడుదల అధికారం వాళ్లదే, జిల్లా విజిలెన్స్ కమిటీ ఉండాల్సిందీ అక్కడే. లేబర్ ఆఫీసులో మాత్రమే ఇస్తే అది జీతం బకాయి కేసుగా మారిపోయే అవకాశం ఎక్కువ.

కంపెనీలో ఈ సంగతి తెలిసిన మనుషులు ముగ్గురు దాటకూడదు. బయటపెట్టిన కార్మికుడి పేరు ఏ మెయిల్లోనూ ఉండకూడదు.

బయటపడ్డవాళ్లకు ప్రభుత్వం ఏమిస్తుంది?

కేంద్ర పునరావాస పథకం కింద తక్షణ సాయం 30,000 రూపాయల దాకా వస్తుంది, దీనికి కేసు తేలే దాకా ఆగక్కర్లేదు. తర్వాత మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు 2 లక్షలు, అక్రమ రవాణా లాంటి తీవ్రమైన కేసుల్లో 3 లక్షలు. ఈ పెద్ద మొత్తం కేసు తీర్పుతో ముడిపడి ఉండటం వల్ల ఏళ్లు పడుతుంది. ఈలోగా ఆ మనిషికి నేరుగా ఉద్యోగం ఇవ్వగలిగింది ఎవరు? చెత్త కంపెనీయే. కాంట్రాక్టర్ పోయినంత మాత్రాన కార్మికుడి పని పోకూడదని మీ పాలసీలో ఒక వాక్యం రాసుకోండి.

విదేశీ కస్టమర్ పెద్ద ప్రశ్నావళి పంపాడు. అన్నింటికీ ‘అవును, పాలసీ ఉంది’ అని టిక్ పెడితే సరిపోతుందా?

బ్రిటన్ 2015 చట్టం ప్రకారం ఏడాదికి 3.6 కోట్ల పౌండ్ల టర్నోవర్ దాటిన కంపెనీలు తమ సప్లై చెయిన్ గురించి ఏటా ప్రకటన ఇవ్వాలి, అందుకే మీ ప్లాస్టిక్ గ్రాన్యూల్స్ కొనేవాడు అడుగుతున్నాడు. యూరోపియన్ యూనియన్ ఇంకా ముందుకెళ్లి, బలవంతపు చాకిరితో తయారైన సరుకును మార్కెట్లో అమ్మనివ్వకుండా చట్టం చేసింది. అది 2027 డిసెంబరు నుంచి అమలవుతుంది. ఇక్కడ స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కూడా పెద్ద లిస్టెడ్ కంపెనీలను ఏటా ఇచ్చే రిపోర్టులో బలవంతపు చాకిరి ఫిర్యాదుల గురించి అడుగుతోంది.

టిక్ పెట్టడం సులువు. ‘ఫిర్యాదులు: 0’ అని రాసిన రిపోర్టు చూస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. వేలమంది పని చేసే చోట ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ లేదంటే, ఫిర్యాదు చేసే దారి లేదనే అర్థం. దొరికినవి రాయండి, ఏం చేశారో రాయండి.

టెండర్‌లో ఎల్-1 కే, అంటే అందరికంటే తక్కువ రేటు వేసినవాళ్లకే ఇస్తారు. తక్కువ కోట్ చేయకపోతే పనే రాదు. మరి ఎలా?

ఇది నిజాయితీగల ప్రశ్న, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. లెక్క మాత్రం ఒకటి చూపిస్తాను. మనిషికి 13,000 జీతం అనుకుందాం. యజమాని వాటా పీఎఫ్ ఖర్చు 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం కలిపితేనే 15,112 దాటుతుంది. వారం సెలవుకు రిలీవర్ (బదులు మనిషి), బోనస్, గ్లవ్స్, సబ్బు ఇంకా కలపలేదు, కాంట్రాక్టర్ లాభం అసలే కలపలేదు. ఒక కాంట్రాక్టర్ మనిషికి 14,000 అని కోట్ చేస్తే అతను దానకర్ణుడన్నా అయ్యుండాలి, లేకపోతే ఆ తేడా కార్మికుడి కంచంలోంచి తీస్తుండాలి.

మీరు టెండర్ వేసేవాళ్లైతే లేబర్ ఖర్చును విడిగా చూపించి, దానికంటే కింద ఎవరు కోట్ చేసినా తిరస్కరించమని ప్రీ-బిడ్ మీటింగులో లేఖ ఇవ్వండి. మీరు కాంట్రాక్టు ఇచ్చేవాళ్లైతే ఇంకా సులువు: మనుషుల ఖర్చు మీద పోటీ పెట్టకండి, సర్వీసు చార్జీ మీద పెట్టండి. మునిసిపాలిటీ బిల్లు నాలుగు నెలలు ఆలస్యమైతే జీతాలు ఆపేస్తామనే కాంట్రాక్టర్‌ను తీసుకోకండి, కనీసం రెండు నెలల జీతాలు నడపగలిగే శక్తి ఉందో లేదో ముందే చూడండి.

నేను కార్మికుణ్ని. మేస్త్రీ దగ్గర నా కార్డు, ఆధార్ ఉన్నాయి, ఇంకా 20,000 బాకీ ఉందంటున్నాడు. వెళ్లిపోవచ్చా?

వెళ్లిపోవచ్చు అన్నా. బాకీ ఉందని మిమ్మల్ని ఆపే హక్కు ఎవరికీ లేదు. కార్డు గురించి బ్యాంకుకు ఫోన్ చేసి బ్లాక్ చేయించండి, కొత్తది మీ చేతికే వస్తుంది. ఆధార్ పోయినా నంబరు మీదే, మీ సేవ సెంటర్‌లోనో ఆధార్ కేంద్రంలోనో మళ్లీ కాగితం తీసుకోవచ్చు. భయంగా ఉంటే ఒంటరిగా బయటికి రాకండి, ముందు 112కు ఫోన్ చేసి మీరున్న చోటు చెప్పండి. గోదాం పేరు తెలీకపోతే దగ్గర్లోని గుడో, పెట్రోల్ బంకో, కరెంటు స్తంభం మీద రాసి ఉన్న నంబరో చెప్పండి. పిల్లలుంటే 1098. వీలైతే నోట్‌బుక్‌లో మీ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి, మీ అన్నకో తమ్ముడికో పంపి, మీ ఫోన్‌లోంచి చెరిపేయండి.